సముద్రం వైపు గోడ

డాగ్నీ తోరుప్ తన పాత వ్యాను తెచ్చి తమ్ముడి ఇంటి ముందు ఆపేసరికి, తమ్ముడు లౌస్ట్ గుమ్మంలో కూచుని వల బాగుచేసుకుంటున్నాడు. లేవలేదు. తల మాత్రం ఎత్తి, "అక్కడ పెట్టకు, చేపల లారీ తిరగాలి" అన్నాడు.

పదేళ్లు దాటాక అక్కాతమ్ముళ్ల మధ్య నడిచిన మొదటి మాట అది. డాగ్నీ బండి పక్కకి తీసి దిగింది. మళ్లీ ఎక్కి ఇంకొంచెం పక్కకి తీసి, అప్పుడు దిగింది. ఆవిడ తీరే అంత. ఏ పనీ ఒక్కసారికి తెగదు.

సముద్రపొడ్డు ఊరు వెస్టర్‌క్లిట్‌లో పుట్టిన ఆడపిల్ల చేపలు పట్టేవాణ్ణి చేసుకుని, చేపలు పట్టే కొడుకుల్ని కంటుంది. డాగ్నీ ఆ రెండూ చెయ్యలేదు. తండ్రి పోవుల్ మిషన్ అనే భక్తసమాజం మనిషి. ఆ ఒడ్డున మిషన్ మనుషులంటే పేకముక్క ముట్టరు, నాట్యం చూడరు, ఆదివారం పడవ నీళ్లలోకి దించరు, గోడ మీద బొమ్మ కనపడితే విగ్రహం అంటారు. అలాంటి ఇంట్లో ఈ పిల్ల పొయ్యి బొగ్గు తీసుకుని చేపల పెట్టెల మూతల నిండా బొమ్మలు గీసేది. తండ్రి ఆ మూతల్ని పొయ్యిలో పెట్టేవాడు. పిల్ల మళ్లీ గీసేది. ఒకసారి మిషన్ ఇంట్లో ప్రసంగాలు చేసే పెద్దాయన్ని, రెండు కళ్లూ ఒకే వైపున్న బల్లపరుపు చేపలా గీసి, తీసుకెళ్లి ఆ ఇంటి తలుపుకే మేకులతో కొట్టింది. ఊరంతా చూసింది. కొందరు నవ్వారు కూడా. నవ్వినందుకు ఆ సాయంత్రం ప్రార్థన చేసుకున్నారు. నెల తిరక్కుండా డాగ్నీ కోపెన్‌హేగన్ రైలెక్కేసింది.

అక్కడ రంగులేసింది, పేరొచ్చింది. పేరొచ్చిన ఏడాదే కుంచెలు పక్కన పడేసి మగ్గం ఎక్కింది. ఆవిడ నేసిన తివాచీల కోసం స్వీడన్ నుంచి మనుషులు వస్తున్నారనగా మట్టి పని పట్టింది. తర్వాత ఇనుము. మధ్యలో ఒక చిన్న సినిమా కూడా తీసింది, అందులో మనుషులే లేరు, అన్నీ తలుపులే. చేతికి ఒక పని పట్టుబడితే చాలు, ఆ పని మీద ఆవిడకి రోత పుట్టేది. పత్రికలవాళ్లు "ఈవిడకి తనదంటూ ఒక శైలి, ఒక చెయ్యి లేదు" అని రాశారు. ఇళ్లు కట్టే ఇంజనీరు ఒకాయన ఆవిణ్ణి పెళ్లి చేసుకుని కొన్నాళ్లు ఓపిక పట్టాడు. "నీతో కాపురమంటే రైలుస్టేషన్లో కాపురం" అని చెప్పి వెళ్లిపోయాడు. డాగ్నీ ఆయన్ని తప్పుపట్టలేదు. నిజానికి ఆయన వెళ్లిన వారానికి ఆవిడ కూడా ఆ ఇల్లు మారింది.

యాభై నాలుగేళ్ల వయసులో ఇప్పుడు సొంత ఊరి చర్చి కోసం వచ్చింది.

వెస్టర్‌క్లిట్ ఒడ్డుని సముద్రం కొరుక్కు తింటూ ఉంటుంది. పాత చర్చి అంచుకొచ్చేసింది. అది నీళ్లలో పడకముందే ఊరివాళ్లు రాయి రాయీ ఊడదీసి, లోపలికి, మెరక మీద, తెల్ల ఇటుకలతో కొత్త చర్చి కట్టుకున్నారు. స్థలం ఇరుకై భవనాన్ని వెనక్కి తిప్పి కట్టాల్సి వచ్చింది. లోకమంతా తూర్పున ఉండే బలిపీఠం ఇక్కడ పడమటికి వచ్చింది. సముద్రం మీంచి వచ్చే పడమటి గాలికి భయపడి ఆ గోడకి చిన్న సందు కూడా పెట్టలేదు. బలిపీఠం వెనక ఇల్లెత్తు తెల్లగోడ బోసిగా మిగిలింది. దాని మీద ఏదన్నా ఉండాలని కొత్తగా వచ్చిన యోర్ట్ పాస్టర్ పట్టుబట్టాడు. ఆయన కుర్రవాడు, చదువుకున్నవాడు, కోపెన్‌హేగన్‌లో డాగ్నీ పనులు చూసినవాడు.

"సంఘంలో పెద్ద గొడవైంది వదినా" అంది బిర్తె, లౌస్ట్ పెళ్లాం, కాఫీ పోస్తూ. "ఆ బల్లపరుపు చేప సంగతి ఇంకా ఎవరూ మర్చిపోలేదు. మన ముసలాళ్లు అయితే, 'ఆ పిల్లని రానిస్తే రేపు యేసుని కూడా రొయ్యని చేస్తుంది' అన్నారు."

"మరి ఎట్లా ఒప్పుకున్నారు?"

బిర్తె మొగుడి వంక చూసింది. లౌస్ట్ రొట్టె మీద ఉప్పుచేప సర్దుకుంటున్నాడు.

"ఇదిగో, ఈయనే చెయ్యెత్తాడు" అంది.

"ఎందుకురా?"

"నువ్వు ఎట్లాగూ పూర్తి చెయ్యవుగా" అన్నాడు లౌస్ట్. "గోడ బోసిగానే ఉంటుంది. ముసలాళ్లకీ సంతోషం, పాస్టర్ నోరూ మూతపడుతుంది." తిని, చేతులు తుడుచుకుని, రేవుకి వెళ్లిపోయాడు. నాన్న పోయినప్పుడు అక్క వచ్చింది సమాధి పూడ్చేసిన మర్నాడు. ఆ సంగతి వాడు ఎత్తలేదు, కానీ ఎత్తినట్టే ఉంది.

డాగ్నీకి పని చేసుకోవడానికి వలలు దాచే పాత కొట్టం ఇచ్చారు. తారు వాసన, ఎండుచేపల వాసన. ఆవిడ మొదట చెక్కబల్లలు తెచ్చి రంగుల పని మొదలెట్టింది. ఎండాకాలమంతా వేసింది. యేసు కొండ మీద ప్రసంగమో, రొట్టెలు పంచడమో ఎవరికీ తెలీదు, కానీ పాస్టర్ రోజూ వచ్చి చూసి చేతులు నలుపుకుంటూ "అద్భుతం డాగ్నీ గారూ, అద్భుతం" అనేవాడు. ఒకరోజు ఆయన వచ్చేసరికి ఆ బల్లలన్నీ గోడవైపు తిప్పి ఉన్నాయి. డాగ్నీ మగ్గం బిగిస్తోంది.

"ఏమైందండీ?"

"అబద్ధంగా ఉంది."

"ఏది?"

"అంతా. నాకు తెలిసిపోయింది అది ఎట్లా ఉండబోతోందో. తెలిశాక ఇంక వెయ్యడమెందుకు?"

పడుగు వేసింది, పేక మొదలెట్టింది. మోకాలెత్తు దాకా నేసింది. ఊరివాళ్లు కొట్టం ముందు నడుస్తూ, "ఏం డాగ్నీ, దేవుడు తివాచీ అయ్యాడా?" అని అడిగేవాళ్లు. సంఘానికి పెద్ద క్రెస్టెన్ బాక్. రేవులో చేపల వేలం నడిపించేది ఆయనే, ఆవిడతో బళ్లో చదువుకున్నవాడు. తలుపులో తల పెట్టి, "చలికాలంలో అయితే కప్పుకోవడానికైనా పనికొస్తుందిలే" అని పోయాడు. మర్నాడు ఆవిడ మగ్గం మీంచి అది కోసేసింది. మట్టి తెప్పించింది. పలకలు చేసింది, కాల్చింది, సగం పగలగొట్టింది.

కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. తెల్లారుతూనే ఒడ్డు వెంట ఆ చివరిదాకా నడిచి వచ్చేది. భోజనం దగ్గర రెండు ముద్దలు తిని లేచేది. ఖాళీ చర్చిలోకి వెళ్లి ఆ గోడ ముందు నిలబడేది. ఒక బల్ల మీద కూచునేది, ఇంకో బల్లకి మారేది. గోడ వంక చూడగానే ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది. చిన్నప్పుడు ఇక్కణ్ణించి పారిపోయిన రోజు ఎట్లా ఉందో అట్లాగే.

"ఒక్క బంగాళాదుంప కూడా పూర్తిగా ఉడికేదాకా ఆగలేవు నువ్వు" అన్నాడు లౌస్ట్ ఒక సాయంత్రం. "చిన్నప్పుడూ అంతే. పచ్చిదే తినేసేదానివి."

"నాకు ఆకలేసేది."

"అందరికీ వేసేది."

చలిగాలులు మొదలయ్యాక ఊరి మంత్రసాని పోయింది. ఊళ్లో సగంమందిని ఈ లోకంలోకి లాగింది ఆవిడే. డాగ్నీనీ లౌస్ట్‌నీ కూడా. గురువారం మధ్యాహ్నం కొత్త చర్చిలో ఆఖరి ప్రార్థన పెట్టారు. పొద్దున సముద్రం నూనె పోసినట్టు ఉంది కాబట్టి పడవలు వెళ్లాయి, లౌస్ట్ పడవ కూడా. మగవాళ్లలో ముసలివాళ్లే మిగిలారు. చర్చి నిండా ఆడవాళ్లు.

డాగ్నీ బిర్తె పక్కన కూచుంది. పాస్టర్ ప్రసంగం మొదలుపెట్టాడు. ఆయన సగంలో ఉండగా పైకప్పు మీద ఏదో చరిచినట్టయింది. గాలి తిరిగింది. పడమటి నుంచి వచ్చే గాలి ఆ ఒడ్డున పుట్టినవాళ్లకి చెవితో తెలియక్కర్లేదు, పళ్లతో తెలుస్తుంది. బల్లల మీద మనుషులు కదిలారు.  కళ్లన్నీ పక్కకి తిరిగాయి, పాత చర్చిలో కిటికీ ఉండేచోటుకి. పాత చర్చిలో ప్రార్థన జరుగుతున్నంతసేపూ సముద్రం ఓ మూల కనిపిస్తూ ఉండేది. ఇక్కడ అటుపక్క పొలాలు కనిపిస్తున్నాయి, ఇటుపక్క రోడ్డు. ఎదురుగా గోడ.

పాస్టర్ గొంతు పెంచాడు. గాలి ఇంకా పెంచింది. బిర్తె పాటల పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని, దాన్ని రెండు చేతులతో నొక్కుతోంది. డాగ్నీ ఆ చేతుల మీంచి కళ్లు తిప్పుకోలేకపోయింది. అమ్మ చేతులు అట్లాగే ఉండేవి.

ముందు బల్లలో ఒకావిడ లేచింది. శవపేటికకి తల వంచి నమస్కారంలాంటిది ఒకటి పెట్టి, గబగబా నడిచి బయటికి పోయింది. ఇంకొకావిడ లేచింది. ఆ తర్వాత ఒకళ్లూ ఇద్దరూ కాదు, బల్లలకి బల్లలే లేచాయి. పాస్టర్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. చర్చిలో శవపేటికా, ఆయనా, చెవుడున్న ముసలాయనా మిగిలారు.

సమాధుల దొడ్డి చివర్నించి సముద్రం మొత్తం కనిపిస్తుంది. ఆడవాళ్లంతా అక్కడ ఒకళ్లనొకళ్లు ఆనుకుని నిలబడ్డారు. పడవలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఒడ్డుకి కాస్త అవతల నీళ్ల కింద ఇసుక తిన్నె ఉంది. దాన్ని దాటడమే గండం. ఒకటి దాటింది. ఇంకొకటి దాటింది. "అది మాదే" "అది వాళ్లది" అని ఎవరో చెబుతున్నారు. లౌస్ట్ పడవ తిన్నె దగ్గరికొచ్చి, ఉన్నట్టుండి అడ్డం తిరిగింది. ఇంజను ఆగిపోయింది.

 బిర్తె డాగ్నీ మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకి నల్లగా కమిలిన మచ్చ చాలా రోజులు పోలేదు.

రక్షక పడవని గుర్రాలు లాగే రోజులు పోయి ట్రాక్టరు వచ్చింది కాబట్టి బతికారు. లౌస్ట్‌నీ వాడితో ఉన్న ఇద్దర్నీ నీళ్లలోంచి లాగారు. పడవ మాత్రం ఒడ్డుకి కొట్టుకుని పక్కలు విరిగింది. తాడుకీ పడవ అంచుకీ మధ్య నలిగి లౌస్ట్ కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. సాయంత్రం వాణ్ణి ఆసుపత్రికి పంపించాక, అందరూ తడి బట్టలతోనే మళ్లీ చర్చికి వెళ్లి, మంత్రసానికి మిగిలిన ప్రార్థన చెప్పి, పూడ్చి వచ్చారు. "ఆవిడ ఏమీ అనుకోదులే" అంది ఒక ముసలమ్మ. "ఆవిడా లేచి వచ్చేదే."

మర్నాడు పొద్దున్నే డాగ్నీ క్రెస్టెన్ బాక్ ఇంటికి వెళ్లింది. ఆయన ఇంకా నిద్రబట్టల్లో ఉన్నాడు.

"ఆ గోడ పగలగొట్టాలి" అంది.

"ఏ గోడ?"

"బలిపీఠం వెనకది. ఆ చివర్నించి ఈ చివరికి. అద్దం పెట్టాలి. రంగుల అద్దం కాదు, మామూలు అద్దం. సముద్రం కనబడాలి."

క్రెస్టెన్ ఆవిణ్ణి కిందనించి పైదాకా చూశాడు. "కాఫీ తాగుతావా? నిన్నటి నుంచి ఏమన్నా తిన్నావా?"

"తిన్నాను. గోడ సంగతి చెప్పు."

"డాగ్నీ, మేం నిన్ను గోడ మీద ఏదన్నా పెట్టమన్నాం. గోడే తీసేస్తానంటావేంటి?"

సంఘం సమావేశం జరిగింది. గొడవ ఎక్కణ్ణించి వస్తుందో అనుకుంటే పాస్టర్ దగ్గర్నుంచి వచ్చింది. "నేను మీ కోసం ఎంతమందిని ఎదిరించానో తెలుసా డాగ్నీ గారూ?" అన్నాడు. "దేశమంతా మీ పని చూడ్డానికి ఈ ఊరు రావాలనుకున్నాను. కిటికీ పెట్టడానికి కళాకారులు ఎందుకు? వడ్రంగి చాలు."

"వడ్రంగి చాలు. నేనూ వడ్రంగినే" అంది డాగ్నీ.

"జనం నా మాట వింటారా, సముద్రం చూస్తారా?"

"ఆ గురువారం విన్నారా?"

అప్పుడు ఆవిడ అనుకోనిది జరిగింది. మూల కూచున్న మిషన్ ముసలాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. వాళ్లలో పెద్దవాడు, పోవుల్‌తో కలిసి పడవెక్కినవాడు, లేచి, "అంటే బొమ్మ ఏమీ ఉండదా?" అని అడిగాడు.

"ఉండదు."

"రంగులూ?"

"ఉండవు."

"మంచిది" అన్నాడాయన. ఆయన మొహం వెలిగిపోయింది. "మంచిది తల్లీ. మీ నాన్న వింటే ఎంత సంతోషించేవాడో. ఇన్నాళ్లకి దారిలోకొచ్చావు."

ముసలాళ్లంతా చేతులెత్తారు. తీర్మానం గెలిచింది. డాగ్నీకి మాత్రం మొహాన పేడనీళ్లు కొట్టినట్టయింది.

ఆ వారమంతా ఆవిడ కొట్టానికీ ఒడ్డుకీ మధ్యే తిరిగింది. ఇనపచట్రం కోసం కమ్మీలు కోసి అతకడం మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి ఒడ్డు మీద పడేది. వ్యానులో సామాను సర్దింది, దించింది, మళ్లీ సర్దింది. ఎవరి నుంచి పారిపోయిందో ఆయన మాటే చివరికి నెగ్గిందా? ముప్పై ఏళ్లు రంగులూ నూలూ మట్టీ ఇనుమూ పట్టుకుని తిరిగింది ఒక బోసిగోడని ఇంకా బోసి చెయ్యడానికా?

చేతికి కట్టుతో లౌస్ట్ ఇంటి దగ్గరే ఉంటున్నాడు. పని లేక వాడి ప్రాణం కూడా కొట్టుకుంటోంది. కొట్టంలోకి వచ్చి, ఎడం చేత్తో ఏదో ఒకటి అటు తీసి ఇటు పెట్టేవాడు.

"సర్దుతున్నావు" అన్నాడు వ్యాను చూసి.

"వెళ్లిపోతున్నాను. నువ్వన్నట్టే. పూర్తి చెయ్యను."

"ముసలాడి మాటకా?"

డాగ్నీ ఇనపకమ్మీని నేలకేసి కొట్టింది. "నాన్న సంతోషించేవాడట! నా బొమ్మలు పొయ్యిలో పెట్టిన మనిషి!"

లౌస్ట్ ఒక పెట్టె బోర్లించుకుని కూచున్నాడు. 

"నాన్న పాత చర్చిలో ఎక్కడ కూచునేవాడో గుర్తుందా నీకు?"

"ముందు బల్లలో. అందరికంటే ముందు."

"ఏ వైపు?"

డాగ్నీ ఆలోచించింది. గుర్తు రాలేదు.

"కిటికీకి వీపు పెట్టి, గోడవైపు మొహం పెట్టి" అన్నాడు లౌస్ట్. "నువ్వెళ్లిపోయాక నేను ఆయనతో పన్నెండేళ్లు పడవెక్కాను అక్కా. నాకు తెలుసు. పడవలో కూడా వల చూసేవాడు, చేపలు చూసేవాడు, తాడు చూసేవాడు. నీళ్లకేసి చూసేవాడు కాదు. తాతని ఆయన కళ్లముందే సముద్రం తీసుకుపోయిందిగా. ఒడ్డుకొచ్చి చర్చిలో కూచుని ఆ సున్నంగోడకేసి చూస్తే, అప్పుడు గానీ ఊపిరాడేది కాదు. దేవుడి కోసం అనుకున్నారు అందరూ."

గాలికి కొట్టం తలుపు కొట్టుకుంటోంది. వాడు లేచి దాన్ని కాలితో నొక్కి పట్టుకున్నాడు.

"నువ్వు పెడతానంటున్నది ఆయనకి నచ్చేది కాదు. ఆయన చర్చికి రావడం మానేసేవాడు. ఆ ముసలాడికేం తెలుసు, వాగాడు."

 డాగ్నీ నేల మీది కమ్మీ తీసుకుంది. "ఇటు పట్టుకో. ఎడం చెయ్యి చాలు."

ఆ చట్రం ఇద్దరూ కలిసి చేశారు. వాడు పట్టుకునేవాడు, ఆవిడ అతికేది. తాపీవాళ్లు వచ్చి తెల్ల ఇటుకలు ఒక్కో వరసే విప్పారు. గోడకి కన్నం పడి సముద్రం గాలి లోపలికి కొట్టగానే పాటల పుస్తకాలు బల్లల మీంచి లేచి నేలంతా చెల్లాచెదరయ్యాయి. క్రెస్టెన్ బాక్ వాటి వెంట పరిగెడుతూ బూతులు తిట్టి, చర్చిలో ఉన్నానని గుర్తొచ్చి నోరు కరుచుకున్నాడు. క్రిస్మస్‌కి పది రోజుల ముందు మందపాటి అద్దాలు దిగాయి.

మొదటి ప్రార్థనకి జనం కిక్కిరిసి వచ్చారు. పొరుగూళ్ల నుంచి కూడా. ఆ రోజు సముద్రం బూడిదరంగులో, కదిలీ కదలకుండా ఉంది. పాస్టర్ తన మాట తను చెప్పుకుపోయాడు. ఆయన భుజాల మీదుగా అందరూ సముద్రం చూస్తూ, మధ్యమధ్య ఆయన మాటలూ విన్నారు. బిర్తె పుస్తకం తెరిచే ఉంచుకుంది. డాగ్నీ వెనక తలుపు దగ్గర నిలబడి ఆ చేతులు చూస్తోంది. 

మధ్య బల్లలోంచి ఒక ముసలావిడ లేచి, అందరి మోకాళ్లూ తొక్కుకుంటూ బయటికి వచ్చింది. పేరు ఆనె. ఆవిడ మొగుణ్ణీ, తర్వాత కొడుకునీ ఆ నీళ్లే తీసుకున్నాయి. కొడుకు దొరకలేదు కూడా. డాగ్నీ ఆవిడ వెనకే వెళ్లింది.

"ఏమైంది పిన్నీ? ఒంట్లో బాగాలేదా?"

"ఒంట్లో బాగానే ఉంది." ఆనె రొప్పుతోంది. "ఎవరడిగారే నిన్ను? ఎవరడిగారు? వారానికి ఒక గంట. ఒక్క గంట దాన్ని చూడకుండా కూచునేదాన్ని. మా ఇంటి వంటింట్లోంచి అదే, పెరట్లోంచి అదే. ఇక్కడికొచ్చి దేవుడి మొహం చూద్దామంటే అక్కడా దాన్నే తెచ్చి కూచోబెట్టావు."

డాగ్నీ ఆవిడ భుజం పట్టుకోబోతే ఆనె విదిలించుకుంది.

"నీకు మొగుడు పోయాడా సముద్రంలో? కొడుకు పోయాడా? బొమ్మలేసుకునేదానివి, బొమ్మలేసుకోక!" ఆనె కండువా బిగించుకుని దిబ్బ దిగి పోయింది.

డాగ్నీ ఆ సాయంత్రం వ్యాను తాళాలు తీసుకుని ఊరు దాటింది. బళ్లని అవతలికి దాటించే పడవ రేవు దాకా వెళ్లి, అక్కడ అందరితో పాటు బండి వరసలో పెట్టి, వరస కదిలే సమయానికి వెనక్కి తిప్పుకుని వచ్చింది. వెనకవాళ్లు హారన్లు మోగించారు. నేరుగా ఆనె ఇంటికి వెళ్లి తలుపు కొట్టింది.

"తెర నేస్తాను" అంది. "గోడంత తెర. తాడు లాగితే మూసుకుపోతుంది. ఏ రంగు కావాలి నీకు?"

ఆనె తలుపు సందులోంచి చూసింది. "నీలం వద్దు."

"వద్దు."

"బూడిద వద్దు. ఆకుపచ్చ వద్దు, ఆ ఆకుపచ్చ. తెలుపు కూడా వద్దు, నురగలా ఉంటుంది."

"మరి ఇంకేం మిగిలింది పిన్నీ?"

ఆనె తలుపు ఇంకాస్త తెరిచింది. ఆవిడ ఆ ఒడ్డుది కాదు. లోపలి పల్లెల్లో పుట్టి, ఒక జాతరలో చేపలవాణ్ణి చూసి ఇష్టపడి వచ్చింది. వాళ్ల నాన్న పొలం ఎట్లా ఉండేదో చెప్పడం మొదలెట్టింది. దున్నిన నేల తడిగా ఉన్నప్పటి రంగు. కోతకొచ్చిన రై ధాన్యపు చేను. ఆవచేను పూసినప్పుడు కళ్లు మూసుకున్నా కనిపించే పసుపు. ఆవుల వీపులు. డాగ్నీ గుమ్మంలోనే నిలబడి వింది, చలికి కాళ్లు మొద్దుబారేదాకా.

చలికాలమంతా నేసింది. రంగు సరిపోయిందా అని ఆనె రోజూ వచ్చేది. "ఇది మా పొలం కాదు, పక్కవాళ్లది" అనేది. డాగ్నీ విప్పి మళ్లీ నేసేది. వేళ్లు పోయిన చెయ్యితో లౌస్ట్ నూలుండలు చుట్టేవాడు, తిట్టుకుంటూ. ఆవిడకి మధ్యలో ఎన్నోసార్లు రోత పుట్టింది. ఒకసారి కత్తెర తీసుకుని పడుగు దాకా వెళ్లింది కూడా. ఆనె అది చూసి, "కోస్తే కొయ్యి. నేను ఇక్కడే కూచుంటాను" అని కదలకుండా కూచుంది. కత్తెర పక్కన పెట్టక తప్పలేదు.

మంచు కరిగాక తెర వేలాడదీశారు. అంత పెద్ద పని డాగ్నీ ఎన్నడూ నెయ్యలేదు, అంత మంచిదీ నెయ్యలేదు. మూసినప్పుడు చర్చి నిండా దున్నిన నేల వాసన వస్తున్నట్టుండేది. పాస్టర్ కళ్లనీళ్లు పెట్టుకుని, "ఇది, డాగ్నీ గారూ, ఇదే నేనడిగింది" అన్నాడు. మిషన్ ముసలాళ్లు ఆ పసుపు చూసి తల తిప్పుకున్నారు. ఈ గొడవతో వాళ్ల లెక్కలో డాగ్నీ మళ్లీ దారి తప్పింది. ఆ మాట విని ఆవిడ చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది.

వేలాడదీసిన మూడోరోజున వెళ్లిపోయింది. బిర్తె రొట్టెలూ ఎండుచేపలూ మూటకట్టి ఇచ్చింది.

"మళ్లీ ఎప్పుడు వదినా?"

"చెప్పలేను."

"ఈస్టరు దాకా ఆగొచ్చుగా?"

"ఆగలేనే. సిమెంటుతో ఒకటి చెయ్యాలనుంది. కాళ్లు లాగేస్తున్నాయి."

లౌస్ట్ వ్యాను తలుపు వేస్తూ, "సిమెంటు నీకేం వచ్చు?" అన్నాడు.

"ఏమీ రాదు" అంది డాగ్నీ సంతోషంగా.

ఆవిడ మళ్లీ రాలేదు. సిమెంటు తర్వాత అద్దం, అద్దం తర్వాత ఇంకేదో. చివరిదాకా ఒక చెయ్యంటూ కుదరలేదని పత్రికలవాళ్లు రాస్తూనే ఉన్నారు. వెస్టర్‌క్లిట్‌లో మాత్రం ప్రతి ఆదివారం ఒక గొడవ ఉంది. ఆనె తొందరగా వచ్చి తాడు లాగి తెర మూస్తుంది. లౌస్ట్ వెనకాలే వచ్చి తాడు పట్టుకుంటాడు.

"సగం తియ్యనివ్వు ఆనె పిన్నీ. మా అబ్బాయి పడవ మీద ఉన్నాడు."

"ఆదివారం ఎవడూ పడవ మీద ఉండడు. నాకు చెప్పకు."

"సరే, కొత్త పడవ ఒడ్డున కట్టేసి ఉంది. అది కనబడాలి."

"అయితే నీ వైపు సగం తీసుకో. నా వైపు ముట్టుకోకు."

పాస్టర్ వాళ్లిద్దరూ తేల్చుకునేదాకా పుస్తకం పట్టుకుని ఆగుతాడు.